బ్యాంకు కాదన్నాక ఇంటి కాగితాలు పెట్టి బయట అప్పు: ఎలా తీసుకోవాలి, ఎక్కడ సంతకం పెట్టకూడదు

"బ్యాంకులో లోను కాలేదండీ. బయట ఒకాయన ఇస్తానంటున్నాడు, ఇంటి కాగితాలు పెట్టమంటున్నాడు. తీసుకోమంటారా?"

అడిగే మనుషులు మారుతుంటారు, ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ ఫోనులో అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే మేలనిపించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లో, ఫ్లాటో, స్థలమో కొనడానికి గానీ, ఉన్నది తాకట్టు పెట్టడానికి గానీ బ్యాంకు కాని చోట అప్పు చూస్తున్నవాళ్ల కోసం ఇది.

తీసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే మీరు తీసుకునేది అప్పే అయినప్పుడు కాగితం మీద కూడా అది అప్పుగానే ఉండాలి. వడ్డీ కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను కొంతమందినే చూశాను. అప్పు కోసమని వెళ్లి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టి చిక్కుల్లో పడ్డవాళ్లనే ఎక్కువమందిని చూశాను. అందుకే కింద నాలుగో మెట్టు చాలా పొడుగ్గా ఉంటుంది. మిగతావి పైపైన చూసినా అది మాత్రం రెండుసార్లు చదవండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ సేల్ డీడ్, దాని వెనకున్న లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పత్రాలు). రెండు సెట్ల జిరాక్సు.
- తాజా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.
- ప్లాను అనుమతి, ఇంటి పన్ను రసీదు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు.
- మీ క్రెడిట్ రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. దానికి ఏజెంటుకు డబ్బులివ్వకండి.
- మీ తరఫు లాయరు ఒకరు. అప్పిచ్చేవాడు తీసుకొచ్చిన డాక్యుమెంట్ రైటరు అతని మనిషే. ఎంత మర్యాదగా మాట్లాడినా అంతే.
- ఒక తెల్ల కాగితం. అప్పు ఏ డబ్బుతో, ఏ నెలలో తీరుస్తారో దాని మీద రాయండి. "ఎలాగో సర్దుతాం" అనే మాట తప్ప ఇంకేమీ రాయలేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోండి.

1. బ్యాంకు ఎందుకు కాదందో తేల్చుకోండి

మేనేజరును నేరుగా అడగండి. కారణం రెండు రకాల్లో ఒకటై ఉంటుంది: తేడా మీలో ఉండాలి, లేదా ఆస్తిలో ఉండాలి.

మీ జీతానికి స్లిప్పులు లేకపోవడం, స్కోరు తక్కువ కావడం, వయసు మీరడం, ఇవన్నీ మొదటి రకం. వీటికి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు కొంత వడ్డీ ఎక్కువ వేసుకుని ఇస్తుంటాయి. మీకు ఆ దారి ఉన్నట్టే.

ఆస్తి 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉంది, లేఅవుటుకు అనుమతి లేదు, లింకు డాక్యుమెంటు తెగింది, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అని తేలింది, ఇవి రెండో రకం. ఆ ఆస్తిని కొనడానికే బయట అప్పు చేస్తున్నారంటే మాత్రం దయచేసి ఆగండి. బ్యాంకు ఉచితంగా చేసిపెట్టిన హెచ్చరికను మీరు మూడు రూపాయల వడ్డీకి కొనుక్కుంటున్నట్టు లెక్క. అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టమే నిషేధించింది. ఆ నిషేధం ఉన్న భూమిని ప్రైవేటు వ్యక్తికి తాకట్టు పెట్టినా అది చెల్లదు.

ఇంకో సందర్భం తరచూ వస్తుంది. అడ్వాన్సు ఇచ్చేశారు, అగ్రిమెంటులో మూడు నెలల గడువు రాశారు, బ్యాంకు లోను ఆలస్యమవుతోంది, అడ్వాన్సు పోతుందని భయం. పరుగెత్తి అప్పు చేసే ముందు అమ్మేవాళ్లను గడువు పెంచమని అడగండి. రెండు నెలలు పెంచినందుకు వాళ్లు పాతికవేలు అడిగినా సరే, పది లక్షలకు మూడు నెలల వడ్డీ కంటే అదే చవక. ఒప్పుకుంటే నోటిమాటతో సరిపెట్టకుండా పాత అగ్రిమెంటు మీదే రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. కొద్దినెలల అవసరానికి ఇంట్లో బంగారం ఉంటే ముందు దాన్ని కదపండి, ఇంటి కాగితాలు కాదు.

2. ఇచ్చేది ఎవరో తెలుసుకోండి

బ్యాంకు కానివాళ్లంతా ఒకటి కాదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని మామూలు ఫైనాన్స్ కంపెనీ), మామూలు వడ్డీ వ్యాపారి, ఈ ముగ్గురికీ రూల్సు వేరు.

మొదటి ఇద్దరికీ రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద ఉన్న పేరును నమ్మొద్దు. లోను అగ్రిమెంటులో ఉండే అసలు కంపెనీ పేరు అడిగి, దాన్ని రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని జాబితాలో వెతకండి. ఏజెంటు చెప్పే పేరు ఒకటి, అప్పిచ్చే కంపెనీ పేరు ఇంకొకటి కావడం మామూలే. రద్దయిన కంపెనీల జాబితా కూడా అక్కడే ఉంటుంది, అదీ చూడండి.

ప్రైవేటు ఫైనాన్సరైతే రిజర్వు బ్యాంకుకు సంబంధం లేదు. తెలంగాణలో 1349 ఫస్లీ (1940 ప్రాంతం) నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం వడ్డీ వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. ఉందా అని అడిగితే కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ నవ్వు వల్ల అతనెలాంటివాడో మీకు కొంత తెలుస్తుంది.

3. వడ్డీని మీ చేత్తో లెక్కవేయండి

నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే. ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. నెలనెలా కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే రెండు రూపాయలది 26.8 శాతం, మూడు రూపాయలది 42.6 శాతం అవుతుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిది ముందుగా పట్టుకునే డబ్బు సంగతి. ఒక లెక్క చూడండి.

పది లక్షల అప్పు, మూడు రూపాయల వడ్డీ, మూడు నెలల గడువు. మూడు నెలల వడ్డీ 90,000 ముందే పట్టుకున్నాడు. మధ్యవర్తి రెండు శాతం కమీషన్ కింద 20,000 తీసుకున్నాడు. మీ చేతికొచ్చింది 8,90,000. నోటు మాత్రం పది లక్షలకు రాశారు. అంటే 8,90,000 వాడుకున్నందుకు మూడు నెలలకు 1,10,000 కట్టారు. ఏడాదికి లెక్కేస్తే 49 శాతం దాటింది. మీ మనసులో మాత్రం ఇంకా "మూడు రూపాయలే కదా" అనే ఉంటుంది.

రెండో తిరకాసు ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా చివరిదాకా మొత్తం అప్పు మీదే వడ్డీ. "పన్నెండు శాతమే, బ్యాంకు కంటే కొంచెం ఎక్కువ" అంటారు. పది లక్షలకు ఐదేళ్లు 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 6 లక్షలు, నెలకు 26,667 కట్టాలి. అదే 12 శాతం తగ్గుతున్న అసలు మీద అయితే నెలకు 22,244, మొత్తం వడ్డీ 3.35 లక్షల దగ్గర ఆగుతుంది. ఫ్లాట్‌లో చెప్పిన 12 నిజానికి 20 శాతం పైమాటే. కాబట్టి రేటు ఎంతని కాకుండా, "చేతికెంత వస్తుంది, నెలకెంత కట్టాలి, ఎన్ని నెలలు?" అని మూడు ప్రశ్నలు వేయండి. ఆ మూడు అంకెలూ వాళ్ల చేతే కాగితం మీద రాయించుకోండి.

కంపెనీ అయితే మీ పని తేలిక. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ప్రాసెసింగ్ ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంతో అందులో ఏపీఆర్ అని ఒకే అంకెగా ఉంటుంది. రెండు కంపెనీలను పోల్చాలంటే వడ్డీరేటును కాదు, ఆ అంకెను పోల్చండి. ఆ కాగితం ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు టైము ఉంటుంది. "ఈరోజే సంతకం పెట్టాలి, రేపటికి ఆఫరు పోతుంది" అంటే ఈ సంగతి గుర్తుచేయండి. అందులో లేని ఫీజును తర్వాత మీ ఒప్పుదల లేకుండా వేయకూడదు.

లోనుతోపాటు తగిలించే ఇన్సూరెన్సు పాలసీ ప్రీమియం అసలులో కలిపారేమో కూడా అక్కడే చూడండి.

4. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారు?

ఆస్తి పెట్టి అప్పు తీసుకోవడానికి సరైన దారులు రెండే అనుకోండి.

మొదటిది రిజిస్టర్డ్ తనఖా దస్తావేజు. ఇల్లు మీ స్వాధీనంలోనే ఉంటుంది, అప్పు, వడ్డీ, గడువు అన్నీ అందులో రాసి ఉంటాయి. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెండోది ఒరిజినల్ పత్రాలు అప్పగించి చేసే డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్. కంపెనీలు ఎక్కువగా ఇదే అడుగుతాయి. రెండింటిలోనూ ఇంటి హక్కు మీదే, అవతలివాళ్లకు ఉన్నది బాకీ రాబట్టుకునే హక్కు మాత్రమే.

ఇక వద్దనేవి: సేల్ డీడ్, జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారపత్రం), జీపీఏతో కలిపిన సేల్ అగ్రిమెంటు, ఒట్టి సేల్ అగ్రిమెంటు. వీటిని "సెక్యూరిటీ కోసమే" అంటూ అడుగుతారు.

మా చిన్నాన్న విషయంలో ఇది కళ్లారా చూశాను. పై అంతస్తు వేయడానికి ఆరు లక్షలు కావలసి వచ్చింది. ఫైనాన్సరు సేల్ డీడ్ అడిగాడు, అప్పు తీరగానే తిరిగి రాసిస్తానని వంద రూపాయల స్టాంపు కాగితం మీద వేరే ఒప్పందం ఇచ్చాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర మిషను మీద చిన్నాన్న బొటనవేలు రెండుసార్లు పడలేదు, తుడుచుకుని మళ్లీ పెట్టాడు. లోపలి నుంచి అడిగారు, "ఇల్లు అమ్ముతున్నారా? డబ్బు మొత్తం ముట్టిందా?" చిన్నాన్న పక్కకు తిరిగి ఫైనాన్సరు మొహం చూశాడు. అతను తలూపాడు. "ముట్టిందండీ" అన్నాడు చిన్నాన్న. చదువుకున్నవాణ్ణే, పక్కనే నిలబడి ఉన్నాను. నోరెత్తలేదు. అప్పటికి నాకూ తెలియదు.

ఆ వంద రూపాయల కాగితంలో ఏముందని అడిగితే, చట్టం దృష్టిలో దాదాపు ఏమీ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షనుకు 1929లో ఒక మెలిక చేర్చారు. అమ్మకంలా రాసిన లావాదేవీని తనఖాగా పరిగణించాలంటే, డబ్బు కడితే ఆస్తి తిరిగిస్తాననే షరతు ఆ అమ్మకం దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితంలో ఉంటే అది తనఖా కాదు. ఎంత మంచి తీయటి మాటలతో రాసినా సరే. కోర్టులో వాదించుకునే దారులు బొత్తిగా లేకపోలేదు గానీ, అది ఏళ్ల మీద నడిచే వ్యవహారం, ఆ ఏళ్లంతా ఈసీలో యజమానిగా అతని పేరే ఉంటుంది.

జీపీఏ సంగతి కూడా తెలుసుకోండి. ఒట్టి జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట విని ధైర్యపడి సంతకం పెట్టేస్తుంటారు. కానీ జీపీఏ తీసుకున్నవాడు దాన్ని పట్టుకుని మీ తరఫున మూడోవాడికి సేల్ డీడ్ రాసేయగలడు. డబ్బు తీసుకుని అతనికి ఆస్తిలో ప్రయోజనం కల్పించి ఇచ్చిన అధికారపత్రాన్ని మీ అంతట మీరు రద్దు చేసుకోవడం కూడా కష్టం, కాంట్రాక్టు చట్టం 202వ సెక్షను అడ్డొస్తుంది.

"తనఖా అయితే మేం కోర్టు చుట్టూ తిరగాలండీ, అందుకే సేల్ డీడ్" అంటారు. నిజమే, వాళ్ల బాధ అది. దానికి మీరు ఇవ్వగలిగిన జవాబులున్నాయి: ఆస్తి విలువలో సగానికి మించి అప్పు అడగకండి, ఇంకో జామీను ఇవ్వండి, రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే పెట్టుకోండి. అయినా ఒప్పుకోకపోతే అతనికి కావలసింది మీ వడ్డీ కాదు, మీ ఇల్లు. లేచి వచ్చేయండి.

తనఖా దస్తావేజులోనూ ఒక వాక్యం కోసం వెతకండి: "గడువులోగా చెల్లించనిచో ఆస్తి మీకే చెందగలదు." తనఖాలో ఇలాంటి షరతును కోర్టులు చెల్లనివ్వవు, బాకీ కట్టి విడిపించుకునే హక్కును ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను కాపాడుతుంది. చెల్లదు కదా అని వదిలేయకండి, ముందే కొట్టేయించండి.

సరిచూసుకోవడం ఇలా: సంతకానికి ముందురోజు డ్రాఫ్టు తెప్పించుకుని మీ లాయరుకు చూపించండి. మొదటి పేజీలో "విక్రయము", "కొనుగోలుదారు", "ప్రతిఫలము పూర్తిగా ముట్టినది" అనే మాటలు కనిపిస్తే అది అప్పు కాగితం కాదు.

5. ఖాళీ సంతకాలు

ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు కాగితాలు. "ఫార్మాలిటీ" అంటారు. కాదు.

స్టాంపు అంటించి సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ నోటును నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఉందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను చెబుతుంది. చెక్కు మీద అంకె మీరు వేయకపోయినా, సంతకం మీదైతే బాకీ ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని నిరూపించాల్సింది మీరే. అది బౌన్సయితే 138 సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు.

చెక్కు ఇవ్వక తప్పకపోతే పేరు, అంకె, తేదీ మీ చేత్తో రాసి, అకౌంట్ పేయీ అని గీత కొట్టండి. చెక్కు నంబర్లన్నీ దస్తావేజులో రాయించండి. ఖాళీ స్టాంపు కాగితం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. తనఖా దస్తావేజుతోపాటు ప్రోనోటు కూడా రాయించుకుంటే, ఆ రెండూ ఒకే బాకీకి సంబంధించినవని దస్తావేజులో ఒక వాక్యం ఉండాలి. లేకపోతే తీసుకున్నది ఒక అప్పు, కోర్టులో నిలబడేది రెండు.

6. డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే

నగదుగా 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తిరిగి కట్టేటప్పుడూ అంతే. జరిమానా ఆ మొత్తమంత ఉండొచ్చు. విచిత్రమేమిటంటే తీసుకున్నందుకూ, నగదుగా తీర్చినందుకూ జరిమానా పడేది అప్పు చేసినవాడికే, ఇచ్చినవాడికి కాదు. ఫైనాన్సరు నగదుకు ఎందుకు పట్టుబడతాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కాగితంలో ఎంత రాశారో అంతా మీ ఖాతాలో పడాలి. ముందు వడ్డీ ఇవ్వాల్సి ఉంటే అది మీ ఖాతా నుంచి తిరిగి పంపండి. అప్పుడు ఎవరు ఎంత ఇచ్చారన్నదానికి స్టేట్‌మెంటే సాక్ష్యం.

కంపెనీ లోనైతే వడ్డీ ఏ రోజు నుంచి మొదలైందో చూడండి. లోను మంజూరైన రోజు నుంచో, చెక్కు మీద తేదీ నుంచో కాకుండా, డబ్బు మీకు నిజంగా అందిన రోజు నుంచే వడ్డీ వేయాలని 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

7. ఒరిజినల్స్ అప్పగించేటప్పుడు

ఒక్కో పత్రం పేరు, నంబరు, సంవత్సరం, పేజీల సంఖ్య రాసి జాబితా చేయండి. కింద పుచ్చుకున్నట్టు సంతకం, తేదీ, కంపెనీ అయితే స్టాంపు. ఏజెంటు చేతికి ఇవ్వకండి, బ్రాంచికి వెళ్లి ఇవ్వండి. "తర్వాత వాట్సాప్‌లో పంపిస్తాం" అంటే ఆ తర్వాతే పత్రాలు ఇస్తానని చెప్పండి.

8. కడుతున్నప్పుడు

ప్రైవేటు అప్పుకు ప్రతి చెల్లింపూ అసలా, వడ్డీయా అని యూపీఐ నోట్‌లోనో బ్యాంకు రిమార్కులోనో రాయండి. మీరేమీ చెప్పకపోతే ముందు వడ్డీకే జమ చేసుకుంటారు. నోటు వెనక చెల్లు వేయించి ఫొటో తీసుకోండి. మూడు నెలలకొకసారి మిగిలిన అసలు ఎంతో మెసేజీలో అడిగి జవాబు తెప్పించుకోండి. జవాబు రాకపోతే మీ లెక్క మీరే పంపి పెట్టండి.

కంపెనీ లోనులో ఆలస్యానికి వేసే పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. వ్యాపారానికి కాకుండా సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోనును ముందే తీరిస్తే మీ దగ్గర ఫోర్‌క్లోజర్ చార్జీలు వసూలు చేయకూడదు. ఫిక్స్‌డ్ అయితే ఉండొచ్చు, సంతకానికి ముందే చూడండి.

"ఏడాది బయట తీసుకుని తర్వాత బ్యాంకుకు మార్చేస్తాను" అనే ప్లాను చాలామందిది. కంపెనీ నుంచి బ్యాంకుకైతే మారుతుంది. ప్రైవేటు వ్యక్తి నుంచి మారడం దగ్గరే చిక్కు: బ్యాంకు ఒరిజినల్స్, శుభ్రమైన ఈసీ అడుగుతుంది. ఫైనాన్సరు డబ్బు పడితే గానీ ఒరిజినల్స్ ఇవ్వనంటాడు. మధ్యలో మీరు. అందుకే అప్పు తీసుకునే ముందే ఆ బ్యాంకుకు వెళ్లి, ఇలాంటి అప్పును తీర్చడానికి లోను ఇస్తారా, ఏ పద్ధతిలో ఇస్తారని అడగండి. ఇవ్వమంటే మీ తెల్ల కాగితం మీద ఆ వరుస కొట్టేసి ఇంకో దారి రాయండి.

9. కట్టలేకపోతే

ఇక్కడ కంపెనీకీ వ్యక్తికీ తేడా పెద్దది.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ, పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలు ఇచ్చిన 20 లక్షలు, ఆ పైన లోన్లకూ 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తిస్తుంది. 90 రోజుల బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది. అది రాగానే రాతపూర్వకంగా జవాబివ్వండి, వాళ్లు 15 రోజుల్లో దానికి బదులు చెప్పాలి. ఆ తర్వాత కోర్టులో దావా వేయకుండానే స్వాధీనం చేసుకోగలరు. అలా చేస్తే మీరు 45 రోజుల్లోగా డీఆర్‌టీకి (ఇలాంటి బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లాలి. హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

ప్రైవేటు ఫైనాన్సరుకు ఈ అధికారాలేవీ లేవు. తనఖా ఉన్నా సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాల్సిందే. ఇంటికి తాళం వేస్తాను, సామాను బయట పడేస్తాను అంటే పోలీసులకు రాసివ్వండి. కంపెనీల రికవరీ మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు.

ఎన్‌బీఎఫ్‌సీ మీద ఫిర్యాదు ముందు ఆ కంపెనీకే రాయండి. 30 రోజుల్లో జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారి) పెట్టండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు. చాలామంది తప్పు చోట ఫిర్యాదు పెట్టి నెలలు పోగొట్టుకుంటారు.

రెండు వాయిదాలు తప్పగానే, ఆస్తిని మీరే అమ్మి బాకీ తీర్చే లెక్క వేసుకోండి. వేలంలో వచ్చే ధర కంటే మీరు తీరిగ్గా అమ్ముకుంటే వచ్చే ధరే నయం.

10. తీరాక, అసలు పని

చివరి రూపాయి కట్టిన రోజున ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేస్తారు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

కంపెనీ 30 రోజుల్లోగా ఒరిజినల్స్ తిరిగివ్వాలి. ఆలస్యం వాళ్లదైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. పత్రాలు పోగొడితే నకళ్లు తీయించే ఖర్చూ వాళ్లదే. ఏడో మెట్టులో రాయించుకున్న జాబితా ఇప్పుడు పనికొస్తుంది. పేజీలు లెక్కపెట్టి గానీ సంతకం చేయకండి.

తనఖా రిజిస్టర్ అయి ఉంటే విడుదల దస్తావేజు కూడా రిజిస్టర్ కావాలి. ఫైనాన్సరు "బాకీ ముట్టింది" అని తెల్లకాగితం మీద రాసిస్తే ఈసీ మారదు. డబ్బు బదిలీ, విడుదల సంతకం రెండూ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే జరిగేలా చూసుకోండి. ప్రోనోటు, చెక్కులు నంబర్లతో సరిచూసుకుని అక్కడే వెనక్కి తీసుకోండి. "ఎక్కడో పెట్టాను, దొరకలేదు" అంటే పోయిన నంబర్లు, ఇక అవి చెల్లవనే మాట రాయించుకోండి, బ్యాంకులో స్టాప్ పేమెంటు ఇవ్వండి.

వారం ఆగి కొత్త ఈసీ తీయండి. తనఖా ఎంట్రీ ఇంకా ఉందేమిటని కంగారుపడి ఫోన్లు చేస్తుంటారు. అది ఉంటుంది, ఎప్పటికీ పోదు. దాని తర్వాత విడుదల ఎంట్రీ వచ్చిందా అన్నదే చూడాలి. కంపెనీ లోనైతే సెర్సాయ్‌లో (తాకట్టులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ) మీ ఆస్తి మీద చార్జి తీసేశారా, క్రెడిట్ రిపోర్టులో లోను క్లోజ్డ్ అని పడిందా అని కూడా నెల తర్వాత చూడండి.

చిన్నాన్న అప్పు పద్నాలుగు నెలలకు తీరింది. ఫైనాన్సరు ఊళ్లో పెద్దమనుషుల ముందు మాటకు కట్టుబడి ఇల్లు తిరిగి రాసిచ్చాడు, అదృష్టం. అయితే సేల్ డీడ్‌గా పోయింది సేల్ డీడ్‌గానే తిరిగి రావాలి కాబట్టి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం విలువ మీద మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ ఇంటి ఈసీ తీస్తే చిన్నాన్న ఇల్లు ఒకసారి అమ్మినట్టు, ఏడాది తిరిగాక కొన్నట్టు ఉంటుంది. ఆయన ఎప్పుడు బ్యాంకుకు వెళ్లినా లీగల్ ఆఫీసరు ఆ రెండు వరుసల దగ్గరే వేలు పెట్టి, "ఇదేమిటండీ?" అని అడుగుతాడు.